ఎర్రదా పసుపుదా

జూన్ 9, సోమవారం. సాయంత్రం

ల్యాబ్ నుంచి వస్తుంటే కాజీపేట బ్రిడ్జి మీద, స్టీరింగ్ ఎదురుగా చిన్న ఇంజిన్ బొమ్మ వెలిగింది. చెక్ ఇంజిన్ లైట్. బండి మామూలుగానే నడుస్తోంది. శబ్దం లేదు, వాసన లేదు.

ఇంటికి రాగానే మా ఆయన చంద్రమౌళిని పిలిచాను. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఈ మధ్య ఆరింటికల్లా ఇంట్లోనే ఉంటున్నాడు. రైలు ఇంజిన్ నడిపే లోకో పైలట్‌గా చేసినన్నాళ్లు వారంలో సగం రాత్రులు ఏదో ఒక ఊళ్లో, రైల్వే వాళ్ల రన్నింగ్ రూంలో పడుకునేవాడు. అప్పుడు నాకింత బెంగ లేదు. మార్చిలో రైల్వే మెడికల్ పరీక్షలో అన్‌ఫిట్ అన్నారు, ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. బీపీ అని చెప్పాడు. ఇంట్లో మెషిన్ ఉంది, చూస్తానంటే చెయ్యి ఇవ్వడు. ఆ రోజు నుంచి కారు కూడా నన్నే నడపమన్నాడు. పక్క సీట్లో కూర్చుంటాడు, మాట్లాడడు. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి మీద బెంగ పెట్టుకున్నాను. ఎవరికైనా చెప్తే నవ్వుతారు.

రైలు ఇంజిన్‌లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనపడగానే ఒకరు చెయ్యెత్తి రంగు చెప్పాలి, రెండోవారు అదే రంగు తిరిగి చెప్పాలి. అది డ్యూటీ. ఆయన దాన్ని కారులోకి తెచ్చాడు. హన్మకొండ చౌరస్తాలో చెయ్యెత్తి గ్రీన్ అనేవాడు. నేను గ్రీన్ అనాలి. అనకపోతే బండి కదిలించడు. వెనక ఆటోలవాళ్లు తిట్టేవాళ్లు, నేను సిగ్గుతో చచ్చేదాన్ని. ఇప్పుడు ఆ గొంతు కోసం చెవులు కోసుకుంటున్నాను.

ఆయన వచ్చి లైటు చూశాడు. ఎర్ర లైటు పడ్డది, ఇంజిన్ ఖతం, ఇగ బండి కదిలియ్యకు అన్నాడు. అది పసుపు కదా అన్నాను. ఇరవై రెండేండ్లు ఇంజిన్లు నడిపినోనికి నువ్వు చెప్తవా అని ఒంటికాలి మీద లేచాడు. తలుపు ధడేల్మని వేసుకున్నాడు.

అది పసుపే.

జూన్ 10, మంగళవారం

బండితో ఇచ్చిన బుక్కు తీసి చదివాను. పసుపు నిలకడగా వెలిగితే మెల్లగా పోవచ్చు, త్వరగా చూపించాలి. ఆరుతూ వెలుగుతూ ఉంటే ఆపేయాలి. మనది నిలకడగానే ఉంది.

సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోయాను. శ్యాంసుందర్ అని ఒక అడ్వైజర్. స్కానర్ పెట్టి, పొగను శుభ్రం చేసే కన్వర్టర్ పోయింది మేడం, మార్చాల్సిందే, అరవై వేలు దాటుతది అన్నాడు. స్కానర్‌లో లోపం కోడ్ ఏం వచ్చిందో ప్రింట్ ఇవ్వమన్నాను. అది మీకు అర్థం కాదు మేడం అని నవ్వాడు. నేను రోజంతా చేసేది అదే పని, రక్త పరీక్షల రిపోర్టులు ఇవ్వడం. రిపోర్ట్ చేతికివ్వకుండా రోగం పేరు చెప్తే మా ల్యాబ్ అద్దాలు పగలగొడతారు. పోనీ లైటు ఆర్పి ఇమ్మంటరా, అయిదు నిమిషాల పని అన్నాడు. రిపోర్ట్ చింపేస్తే షుగర్ తగ్గుతుందా? వద్దని వచ్చేశాను.

జూన్ 12, గురువారం

బండి అమ్మేద్దాం అన్నాడు మా ఆయన. అడగలేదు, చెప్పాడు. వర్ధన్నపేటలో ఆయన దోస్తు వెంకట్రాజం ఉన్నాడట, మిర్చి వ్యాపారం. ఇరవై రెండో తారీఖు ఆదివారం వచ్చి తీసుకుపోతాడట. లైటు సంగతి తెలుసు కాబట్టి సగం రేటుకే అడిగాడట. సరే అన్నాడట ఈయన.

బస్సులున్నయి, ఆటోలున్నయి, మనిద్దరికి కారెందుకు అన్నాడు. ఎందుకో నేను చెప్పలేకపోయాను. ఆయన నాతో ఆడుకున్నది ఆ రెండు సీట్లలోనే. బండి పోతే ఆ ఆట ఇక ఎప్పటికీ రాదు. ఇంత వయసులో ఇది నోటితో ఎట్లా చెప్పడం?

సంత నుంచి టమాటాలు తెచ్చాడు. సగం పచ్చివి. ఇవేంది అంటే పప్పులకు గవే మంచిగుంటయి అన్నాడు. పోయినవారం కూడా అంతే. మనసు ఎక్కడ పెట్టుకుని కొంటున్నాడో.

జూన్ 14, శనివారం

ల్యాబ్ నుంచి వచ్చి కాసేపు బండిలో ఊరికే కూర్చున్నాను. స్టార్ట్ చేయలేదు.

జూన్ 17, మంగళవారం

ల్యాబ్‌లో నాతో పనిచేసే తబస్సుమ్ నిన్న నా ముఖం చూసి ఏమైందని పట్టుకుంది. వాళ్ల తమ్ముడు మజర్ కార్ల ఎలక్ట్రీషియన్. దానికి ఫికర్ ఎందుకక్కా అని ఈరోజు వాడి చిన్న స్కానర్ తెచ్చి ఇచ్చింది. అగ్గిపెట్టె అంత ఉంది. స్టీరింగ్ కింద గుచ్చితే ఫోన్లో కోడ్ వచ్చింది. కన్వర్టర్ కోడ్ కానే కాదు! దాని వెనక ఉండే ఆక్సిజన్ సెన్సర్ నుంచి సిగ్నల్ రావడం లేదు, సర్క్యూట్ ఎక్కడో తెగింది అని.

మజర్ ఫోన్లో చెప్పాడు. ముందుగాల వైరు చూడుండ్రి అక్కా, వైరు మంచిగుంటే సెన్సర్ చూడుండ్రి, కన్వర్టర్ మాట ఆఖర్న అన్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. శాంపిల్ ట్యూబ్ పట్టుకుని గంతేస్తే బాగుండదని ఆగాను.

జూన్ 18, బుధవారం

ఆయనకు చెప్పాను. పేపర్లోంచి తలెత్తి, ఎలుక కొరికి ఉంటది అన్నాడు. ఎలుకలు లోకో షెడ్డునే వదలవు, మన ఇంటి ముందల కారెంత అన్నాడు. వెంకట్రాజం వచ్చేలోపు ఆదివారం పొద్దున జర కిందికి దూరి చూస్త అన్నాడు. లాభం లేకున్నా చూస్త అని కూడా అన్నాడు.

మూడు నెలల్లో నాతో ఇన్ని మాటలు ఇదే మొదలు. ఎలుకకు దండం పెట్టుకోవాలి.

జూన్ 22, ఆదివారం

పొద్దున్నే ముందు చక్రాలు ఇటుకల దిమ్మ మీదికి ఎక్కించాను. ఆయన గోనెసంచి పరుచుకుని కిందికి దూరాడు. టార్చి ఇవ్వబోతే వద్దన్నాడు. వేళ్లతో వైరు వెంట తడుముకుంటూ పోయాడు. కాసేపటికి, దొరికింది అన్నాడు. కొరికింది ముండ, రెండు వైర్లు తెగినయి, చాకు తే, టేపు తే అన్నాడు. ఆ గొంతు విని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మనిషి తిరిగొచ్చాడు అనుకున్నాను.

తర్వాత చప్పుడు లేదు. బయటికి కనపడే పాదాలు కదలడం లేదు. ఏమైంది అన్నాను. నేల మీద పడుకుని చూశాను. రెండు చేతుల్లో తెగిన కొసలు పట్టుకుని అట్లాగే ఉన్నాడు. వైర్లు రెండే. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. చిన్నపిల్లలు కూడా కలుపుతారు.

శోభా, ఇదేం రంగు అన్నాడు.

ఆటాడుతున్నాడనుకున్నాను. ఆయన నావైపు చూడలేదు. అప్పుడు టమాటాలు గుర్తొచ్చాయి. పసుపు లైటును ఎర్రది అన్నప్పటి కోపం గుర్తొచ్చింది. బీపీ కాదు. ఎన్నడూ బీపీ కాదు.

ఎర్రది అన్నాను. ఇది? పచ్చది. అది? పచ్చది. ఆయన కలిపాడు, టేపు చుట్టాడు. బయటికి రాలేదు. కిందనే పడుకుని, ఇంజిన్‌తో మాట్లాడినట్టు చెప్పాడు. మెడికల్ల రంగు చుక్కల బుక్కు ముందర పెట్టిండ్రు, చుక్కల్ల దాగిన అంకె నాకు కనపడలే అన్నాడు. రంగుల లాంతరు పెట్టిండ్రు, పచ్చను ఎర్ర అన్న అన్నాడు. కంటి నరమట. ఉన్న చూపు కాపాడుకోవాలె, పోయిన రంగు రాదు అన్నారట. పెద్దాసుపత్రిలో కూడా ఒక్కడే పోయి అడిగొచ్చాడట. ఒక్కడే!

చౌరస్తాల పైన ఎర్ర, కింద పచ్చ అని ఎరుకే అన్నాడు. ఎరుక ఉండుడు వేరు, కండ్లతోని చూసి చెప్పుడు వేరు. ఇన్నేండ్లు నా నోట్ల నుంచి ఒక్క తప్పు రంగు రాలే, నీ ముంగట వస్తదేమోనని నోరు మూసుకున్న అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా. రోజూ వందమంది రిపోర్టులు చూసే నాకు ఇంట్లో మనిషిది తెలియలేదు. ఎందుకు దాచావని తిట్టాను, తిడుతూనే గోనెసంచి మీద ఉన్న ఆయన కాలు పట్టుకుని కూర్చున్నాను. పక్కింటివాళ్లు చూసే ఉంటారు. చూడనీ.

స్కానర్ పెట్టి కోడ్ తీసేశాం. లైటు ఆరింది. మళ్లీ వస్తుందో లేదో నడిపితేగానీ తెలియదు.

వెంకట్రాజం పదకొండింటికి వచ్చాడు. చాయ్ తాగి తాళాలు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, బండి ఇంకా టెస్టింగ్‌ల ఉన్నది అన్నాడు. ఎన్ని రోజులు అంటే, మేడం రిపోర్ట్ ఇయ్యాలె అని నావైపు చూపించాడు.

జూన్ 25, బుధవారం

మజర్ వైర్లు గట్టిగా అతికి, పైన గొట్టం తొడిగాడు. ల్యాబ్‌కు, సంతకు, ఖిలా దాకా తిరిగాను. లైటు రాలేదు.

ఆయన మళ్లీ మాట్లాడడం లేదు. ఆదివారం అంతా చెప్పేసుకుని సిగ్గుపడుతున్నాడేమో. కంటి డాక్టర్ దగ్గరికి ఈసారి నేనూ వస్తానంటే తలూపాడు, అంతే. బండి బాగైంది. నాకు కావాల్సింది బండి ఒక్కటే కాదు.

జూన్ 29, ఆదివారం

హన్మకొండ చౌరస్తా. నేను స్టీరింగ్ దగ్గర, ఆయన పక్కన. సిగ్నల్ మారింది. చెయ్యెత్తి, గ్రీన్ అన్నాను.

బండి కదిలించలేదు. వెనక హారన్లు. ఒక ఆటో అతను పక్కకొచ్చి తిట్టి పోయాడు. నేను చెయ్యి దించలేదు.

ఆయన నావైపు చూశాడు. సిగ్నల్ వైపు చూడలేదు. మెల్లగా చెయ్యెత్తాడు.

గ్రీన్ అన్నాడు.