నీళ్లలోకి దిగే ముందు

నాయనా,

నువ్వు పోయాక మన ఆళ్లగడ్డ బాప్టిస్టు చర్చిలో మొన్న ఆదివారమే మళ్లీ బాప్తిస్మాలు జరిగాయి. నంద్యాల ఆసుపత్రిలో నర్సు డ్యూటీ మార్పించుకుని వెళ్లాను. ఆ పొద్దునే నీ చేతిగడియారం మొదటిసారి పెట్టుకున్నాను.

ఓబులమ్మవ్వ నీళ్లతొట్టి మెట్ల మీదే ఆగిపోయింది. పాస్టరుగారు రమ్మన్నా దిగలేదు. నావైపు చెయ్యి చాచింది.

"అందరికీ మీ నాయన నాడి చూసి దింపుతాండె. నాకెవురు చూస్తారు?"

మిలిటరీ వైద్య దళంలో ఉన్నప్పుడు యుద్ధంలో గాయపడ్డ సిపాయిలకు చూసినట్టే, బాప్తిస్మానికి దిగే ప్రతి మనిషికీ నువ్వు నాడి చూసేవాడివి. మిలిటరీ చాదస్తమని నేను విసుక్కునేదాన్ని.

అవ్వ మణికట్టు పట్టుకుని గడియారం చూశాను. అందులో సెకన్ల ముల్లు లేదు. అది లేకుండా నాడి ఎలా లెక్కపెట్టేది?

నేను గడియారాన్ని అటూ ఇటూ తిప్పడం చూసి, పక్కనున్న అమ్మ తాపీగా అంది: "ఆ ముల్లు యుద్ధంలోనే ఊడిపాయ గదమ్మా."

మరి ఇన్నేళ్లూ నువ్వేం లెక్కపెట్టావు నాయనా?

అవ్వ చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు ఆగేదాకా పట్టుకునే ఉన్నాను. ఆ తర్వాత, నువ్వు అందరితో అనే మాటే అన్నాను.

"బాగుండాదవ్వా. ఇంక దిగు."

నీ కూతురు