నీళ్లడగని ఇంజను

బావా,

నువ్వు పోయి ఇయాల్టికి ఏడాది. నీ పాత ఎర్ర స్పోర్ట్సు కారుకి వేరే ఇంజను ఎక్కించీసినాను. తిట్టకు, పాతది మరింక తిరగనంది. "ఇది వేడెక్కదమ్మా" అన్నాడు మెకానిక్కు.

కళింగపట్నం దాకా నీ పెళ్లాన్ని, నేనే నడిపినాను. ఎండుచేపల వాసన, సముద్రం గాలి, కారు తేలిపోతన్నట్టే ఉన్నాది. వంశధార గట్టు కాడ, ఎప్పుడూ ఇంజను ఆవిరి కక్కితే నువ్వు ఆపీసి, "సల్లారనీవే, ఏటి తొందర?" అని కూకునే సోటే, నాకు తెలీకుండానే బ్రేకు తొక్కీసినాను. నీళ్ల సీసా పట్టుకుని బోనెట్ ఎత్తినాను.

ఆవిరీ లేదు, పొగా లేదు.

అయినా గట్టు మీద నీకు జాగా ఒగ్గి, వేడెక్కని ఇంజను సల్లారేదాకా కూకున్నాను.