నూట ముప్ఫయ్యో పన్ను

మరిదికి,

వదిన ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, కారు తప్ప.

నీకూ మీ అన్నయ్యకీ రెండేళ్ళుగా మాటల్లేవని తెలిసీ రాస్తున్నానంటే అవసరం అలాంటిది. మన డ్రైవింగ్ స్కూలు కారు తాళం తిప్పితే స్టార్టవడం మానేసింది. రేకుని రంపంతో కోసినట్టు కిర్రుమని అరుస్తుంది, అంతే. నేర్చుకోడానికి చేరిన పదకొండు మందీ ఇప్పటిదాకా నేర్చుకున్నది కారు తొయ్యడమే. ఇద్దరు మానేశారు కూడా.

సందు చివర మెకానిక్ చూసి, "ఫ్లైవీల్ పళ్ళు పోయాయమ్మా" అన్నాడు. అదేమిటో నాకర్థమయ్యేలా రాయి. నువ్వు చేసేదే చక్రాల షాపులో పని కదా. నిన్ను అడగమంటే మీ అన్నయ్య, "నా కారుని పాత ఇనుము కింద అమ్మెయ్యమన్నవాణ్ణి నేనడగాలా?" అన్నారు. నలుగురు శిష్యుల ముందు ఆ మాట ఎందుకన్నావో గానీ, ఆయనకి ఇంకా నిన్న అన్నట్టే ఉంది.

ఉంటాను,
మీ వదిన

తా.క. జవాబు ఇంటికి రాయకు. నేను పనిచేసే కుట్టు షాపుకి రాయి. షాపావిడ ఎవరి ఉత్తరాలూ విప్పదు. వెలుతురుకి పెట్టి చూస్తుంది, అంతే.

*

వదినగారికి,

నమస్కారాలు. ఉత్తరం చూసి సంతోషించాను, అందులో విషయం చూసి కాదు.

ఫ్లైవీల్ అంటే ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే బరువైన ఇనుప చక్రం. ఇంజిన్ కుదుపుకో రకంగా కాకుండా ఒకే తీరుగా తిరిగేది దాని బరువు వల్లే. మీ కుట్టుమిషన్ పక్కన చేత్తో తిప్పే చక్రం ఉంటుందే, అది దీనికి వరసకి చెల్లెలు. ఫ్లైవీల్ అంచు చుట్టూ పళ్ళున్న రింగు ఒకటి బిగించి ఉంటుంది. తాళం తిప్పగానే స్టార్టర్ మోటారులోంచి తొమ్మిది పళ్ళ చిన్న చక్రం ముందుకొచ్చి ఆ రింగుని పట్టి తిప్పుతుంది. ఇంజిన్ అందుకోగానే తన దారిన వెనక్కి పోతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఎప్పుడు ఆపినా ఇంచుమించు అవే రెండు చోట్ల ఆగుతుంది. కాబట్టి రోజూ దెబ్బలు పడేది అక్కడే, అరిగేదీ అక్కడే.

రింగు మారిస్తే చాలు. కానీ మీ కారు రకానికే రెండు మూడు లెక్కల రింగులున్నాయి. ఒక్క పన్ను తేడా వచ్చినా రింగు కొలత మారిపోతుంది. స్టార్టర్‌కి అందదు, లేకపోతే బిగుసుకుపోతుంది. అందుకని మెకానిక్ చేత గేర్‌బాక్స్ దింపించి, సుద్దముక్కతో ఒకచోట గుర్తు పెట్టుకోండి. మిగతాది రెండో కాగితంలో.

పళ్ళు ఎన్ని ఉన్నాయో జాగ్రత్తగా లెక్కపెట్టి రాయండి. ఎన్ని అరిగాయో, ఎన్ని ఊడాయో కూడా రాయండి. వయసు మీద పడ్డాక అంతే, ఎవరేం చెయ్యగలరు? కొత్తవి నేను పంపిస్తాను.

విధేయుడు,
మరిది

తా.క. (చోటు చాలక మొదటి కాగితం వెనక రాస్తున్నాను.) గేర్‌బాక్స్ దింపేలోపు బండి మొరాయిస్తే, గేరులో వేసి జానెడు ముందుకి తోసి, న్యూట్రల్ చేసి తాళం తిప్పండి. అరగని పన్ను ఎదురొస్తుంది.

*

మరిదికి,

ఆశీస్సులు. మెకానిక్ షెడ్డుకి వెళ్ళి నేనే లెక్కపెట్టాను. నూట ఇరవై ఆరు. ఇది మంచి వార్త.

ఇక రెండోది. మీ అన్నయ్య కళ్ళజోడు కోసం నా సంచీ వెతుకుతుంటే నీ ఉత్తరం రెండో కాగితం చేతికొచ్చింది. మొదటిది మెకానిక్ దగ్గరే ఉండిపోయింది. పోయిన నెల ఆయనకి మూడు పళ్ళు పీకించాం. ఇది మనసులో పెట్టుకుని నువ్వు రాసింది నువ్వే ఒకసారి చదువుకో.

"నా పళ్ళ సంగతి వాడికెవరు చెప్పారు? కొత్తవి పంపిస్తాడట, కొత్తవి! నేను వాణ్ణి చెయ్యి చాచి అడిగానా?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. "అవి కారు పళ్ళండీ" అన్నాను. "కారుకి వయసు మీద పడుతుందా?" అన్నారు.

ఇట్లు,
మీ వదిన

తా.క. పొద్దున అద్దం ముందు నిలబడి నోరు తెరిచి లెక్కపెట్టుకున్నారు. ఇరవై తొమ్మిది. "రాయి వాడికి" అన్నారు. రాశాను.

*

వదినగారికి,

నమస్కారాలు. దేవుడి మీద ఒట్టు, అన్నయ్య పళ్ళ సంగతి నాకు తెలియదు. ఆ మొదటి కాగితం తెచ్చి ముందు ఆయనకి చూపించండి.

నూట ఇరవై ఆరు పళ్ళ రింగు మా షాపు పట్టీలో ఎక్కడా లేదు. మా మేస్త్రిని అడిగితే పకపకా నవ్వాడు. విరిగిపోయిన పళ్ళని మీరు వదిలేశారా? అవీ లెక్కే. ఖాళీ కనబడితే అక్కడ పన్ను ఉన్నట్టే అనుకోవాలి. సుద్ద గుర్తు పెట్టిన పన్ను దగ్గర మొదలుపెట్టి, మళ్ళీ దాని ముందరి పన్ను దగ్గర ఆగాలి. ఆ గుర్తు పన్నుని రెండోసారి లెక్కపెట్టకండి. అందరూ తప్పేది అక్కడే.

నమస్కారాలతో,
మరిది

తా.క. ఇరవై తొమ్మిది పళ్ళకి ఇంకా చాలా ఏళ్ళు మన్నిక ఉందని అన్నయ్యకి చెప్పండి. లేదు, వద్దు. ఏమీ చెప్పకండి.

*

మరిదికి,

ఆశీస్సులు. ఊడిన పన్ను లెక్కలోకి వస్తుందని నాకేం తెలుసు? మా ఇంట్లో రాదు మరి.

మొదటి కాగితం మీ అన్నయ్య రెండుసార్లు చదివారు. సాయంత్రం సుద్దముక్క జేబులో వేసుకుని తనే షెడ్డుకి వెళ్ళారు. తిరిగొచ్చి, "నూట ముప్ఫై. అదే రాయి" అన్నారు. మెకానిక్ మాత్రం నూట ఇరవై తొమ్మిదేమో అంటున్నాడు. ఆ మాట చెబితే, "కారెవరిది?" అన్నారు. నూట ముప్ఫై పంపు.

ఉంటాను,
మీ వదిన

తా.క. కుట్టు షాపావిడ, "మీ పన్ను గొడవ తేలిందా? మాకు మునిసిపాలిటీవాళ్ళు ఇంకా తేల్చలేదు" అంది. వెలుతురుకి అంతవరకే కనబడినట్టుంది.

*

వదినగారికి,

నమస్కారాలు. నా అనుమానం కూడా మెకానిక్ అనుమానమే. అయినా అన్నయ్య మాట కాదంటే మళ్ళీ రెండేళ్ళు. నూట ముప్ఫై పళ్ళ రింగు పార్సిల్‌లో వస్తోంది.

ఇట్లు,
మరిది

తా.క. చల్లగా ఉన్నప్పుడు సుత్తితో కొట్టి ఎక్కించొద్దని చెప్పండి. రింగుని వేడిచేస్తే సాగుతుంది, చల్లారాక తనే బిగుస్తుంది.

*

మరిదికి,

ఆశీస్సులు. పార్సిల్ అందింది. పట్టలేదట. ఇప్పుడు నూట ముప్ఫై ఒకటి అంటున్నారు మీ అన్నయ్య. "వాడికి అంత తెలిస్తే కళ్ళతో చూసి కొలవమను" అని కూడా అన్నారు. నేర్చుకునేవాళ్ళు ఇంటికొచ్చి అడగడం కూడా మానేశారు. ఆశ వదిలేసుకున్నారేమో పాపం. నాకు దిగులుగా ఉంది.

మీ వదిన

తా.క. నూట ముప్ఫై రెండు ఉందా?

*

వదినగారికి,

నమస్కారాలు. రింగుకి పళ్ళు మొలవవు వదినా! ఇంక ఉత్తరాలతో తేలేది కాదు. ఆదివారం పొద్దున బస్సుకి నేనే వస్తున్నాను, నూట ఇరవై తొమ్మిది సంచీలో వేసుకుని. ఆ ఇంటి గడప తొక్కనన్నాను. షెడ్డుకి గడప లేదు.

ఒక మాట. నాకు డ్రైవింగ్ నేర్పింది అన్నయ్యే, ఆ కారు మీదే. ఆ రోజు పాత ఇనుము అన్నాక ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. ఇది ఆయనకి చెప్పినా చెప్పకపోయినా మీ ఇష్టం.

విధేయుడు,
మరిది

తా.క. అన్నయ్య షెడ్డులో ఉంటాడా, ఉండడా? ఊరికే అడుగుతున్నాను.

*

మరిదికి,

ఆశీస్సులు. ఇది కూర్చుని చదువు.

నిన్న దారాలు కొనడానికి బజారుకి వెళ్తుంటే, మలుపులో మన కారు ఎదురొచ్చింది. వెనకాల తోసేవాళ్ళెవరూ లేరు. నేర్చుకునే పిల్ల ఒకతి స్టీరింగు గట్టిగా పట్టుకుని నడుపుతోంది. పక్క సీట్లో మీ అన్నయ్య నన్ను చూశారు. కాళ్ళ దగ్గర ఏదో పడిపోయినట్టు వంగి, కారు సందు దాటేదాకా మళ్ళీ తలెత్తలేదు.

షెడ్డుకెళ్ళి మెకానిక్‌ని నిలదీశాను. కారు పది రోజులుగా నడుస్తోందట. సుద్దముక్క పట్టుకెళ్ళిన రోజే మీ అన్నయ్యకి నూట ఇరవై తొమ్మిది వచ్చింది. ఐదేసి గీతలు కలిపి గోడ మీద గీసుకున్నారు. నేనూ లెక్కపెట్టాను, నూట ఇరవై తొమ్మిదే. మర్నాడే బజార్లో కొని ఎక్కించేశారు. నువ్వు పంపిన పార్సిల్ తాడు కూడా విప్పలేదు.

ఇంటికొచ్చి, "నాచేత నూట ముప్ఫై అని ఎందుకు రాయించారు?" అని అడిగాను. గోడకేసి తిరిగి అన్నారు:

"సరైన లెక్క రాస్తే పార్సిల్ వస్తుంది. తప్పు లెక్క రాస్తే వాడొస్తాడు."

"రమ్మని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా?"

"అది నేనెలా రాస్తాను?" అన్నారు. నువ్వు అన్నం ముందు నుంచి లేచిపోయిన సంగతి అప్పుడు చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

ఆదివారం తప్పకుండా రా. షెడ్డులో ఉంటారు.

మీ వదిన

తా.క. నువ్వొచ్చేసరికి నీకు పని ఉండాలని శనివారం గేర్‌బాక్స్ మళ్ళీ దింపిస్తున్నారు. కొత్త పళ్ళు మెరుస్తాయని గ్రీజు కూడా పూయిస్తారట. నువ్వేమీ కనిపెట్టకు. కూర్చుని నిదానంగా లెక్కపెట్టు. రెండు మూడుసార్లు తప్పినా పర్వాలేదు.