అలిగిన మొక్క

మంగళవారం, భోజనమయ్యాక

ఇవాళ నర్సరీలో మందార కుండీలన్నీ రోడ్డు పక్కకి మార్చాం. మధ్యాహ్నానికి మొక్కలు తలలు వేలాడేశాయి. కదిపిన మొక్క ఇలా వాడితే మా కడియంలో అలిగిందంటాం. అలక తీరేదాకా నీడలో పెట్టి ఊరుకోవాలి.

మా ఆవిడ సత్యవతి పోయిన దగ్గర్నుంచి నేను షెడ్డు వెనక ఒక్కణ్ణే కూర్చుని క్యారేజీ విప్పుకుంటున్నాను. ఇవాళ కూలికొచ్చే మంగమ్మ అక్కడికే వచ్చేసింది.

"ఏంటండీ మేస్త్రిగారూ, ఏడాదైపోయింది. మాతో కూర్చుని తినరేంటండీ?"

"అలిగానమ్మా. నీడలో ఉన్నాను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఎక్కువ రోజులు నీడలో ఉంచితే మొక్క పాలిపోద్దని మమ్మల్ని తిట్టేది మీరే కదండీ! రేపు గోంగూర తెస్తాను, రండి," అనేసి వెళ్ళిపోయింది.

నా మాట నాకే అప్పజెప్పింది. పోలిక కుదిరింది గానీ ఒక్కటే తేడా. మొక్కనైతే ఎవరో ఒకరు ఎత్తి ఎండలో పెడతారు. నేనైతే నా అంతట నేనే లేచి వెళ్ళాలి. వెళ్తే అక్కడ ఎవరో ఒకరు నా క్యారేజీలోంచి పంచుకు తిన్న సత్యవతి చేతి పులుసు తలుచుకుంటారు. ఇక నాకు ముద్ద దిగదు. అందరి ముందూ కళ్ళు తుడుచుకోవడం నాకు చేతకాదు. అసలు అలగడానికైనా బతిమాలే మనిషి ఉండాలి. ఇన్నాళ్ళూ ఎవరి మీద అలిగానో...

రేపు వాళ్ళు గోంగూర వేస్తే నేనూ ఏదో ఒకటి పెట్టాలి. నాకొచ్చింది చారొక్కటే. రెండు గ్లాసుల నీళ్ళు ఎక్కువ పోసి కాస్తాను.