అన్నయ్య చివరి మాట

వదినా,

చెవుల్లో మోత తగ్గిందా అని అడిగావు. కొంచెం తగ్గింది. దాన్ని పట్టించుకోకుండా ఉండడం మెదడుకు అలవాటు చేయాలంటూ డాక్టరమ్మ రోజూ గంటసేపు వాన చప్పుడు వినిపిస్తోంది, నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలమంటోంది.

"ఎప్పుడు మొదలైంది బాబూ?" అని ఆమె అడిగితే, ఫ్యాక్టరీలో బాయిలర్ పేలిన రోజని చెప్పాను. నీకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజు నా ఒళ్లో తల పెట్టుకున్న అన్నయ్య పెదాలు కదిలాయి. నాకు హోరు తప్ప ఏమీ వినపడలేదు. "మీ వదిన జాగ్రత్తరా" అన్నాడని నీకు చెప్పింది నేను కల్పించిన మాట. మూడేళ్లుగా నువ్వు దాన్నే పట్టుకుని బతుకుతున్నావు.

హోరు తగ్గితే అసలు మాట గుర్తొస్తుందేమోనని ఆశపడ్డాను. నిన్న కాసేపు మోతే మరిచిపోయాను. అప్పుడు కూడా పెదాలే కనిపించాయి, వదినా.

ఆదివారం వస్తాను. తలుపు తియ్యకపోయినా తప్పు పట్టను.

నీ మరిది