రెండో ప్రోగ్రాం

ఏలూరు,
జూలై 7

ప్రియమైన అక్కకు, మెర్సీ వందనాలు.

ఫోన్‌లో అడిగితే నసుగుతావేమిటని కసురుకున్నావు. నా చేతిలో ఉన్నది కంపెనీ ఫోను. ఈ సంగతి దాంట్లో మాట్లాడలేను. అందుకే కాగితం మీద రాసి, మేత లారీ తోలే వెంకట్రాజు చేతికిస్తున్నాను.

మా చేపల మేత కంపెనీ పనంతా ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది కదా. దాంతోపాటే డేటాబేస్ కూడా వచ్చింది, అంటే వివరాలన్నీ దాచుకునే చోటు. అద్దె ఇంటికి బోరు ఉన్నట్టు అనుకో. ఇంట్లోవాళ్ళు ఆ నీళ్ళు వాడుకోవచ్చు. దానికి పైపు తగిలించి పక్కనున్న చేపల చెరువు నింపుకోకూడదు. నింపాలంటే వేరే లైసెన్సు కావాలి. మూడేళ్ళ కిందట నేనా పైపు తగిలించాను. మేత లారీ బయల్దేరగానే కొల్లేరు ఊళ్ళ రైతుల ఫోన్లకు కబురు వెళ్ళేలా చిన్న ప్రోగ్రాం రాసి, నేరుగా డేటాబేస్‌కి కలిపాను. లైసెన్సు కాగితం నేను చదవలేదు. ఆ పనికి మెచ్చి నాకు శాలువా కప్పిన యజమాని శ్రీరంగనాయకులు గారూ చదవలేదు.

ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళ నుంచి నోటీసు వచ్చింది. ఏయే బయటి ప్రోగ్రాములు డేటాబేస్‌ని ముడుతున్నాయో, అవి ఏం దాస్తున్నాయో ఫారంలో రాయాలి. కంప్యూటర్లు చూసే మనిషి సంతకంతో 18వ తేదీకల్లా పంపాలి. నోటీసు అందాక ఏదీ చెరపకూడదు. ఆ మనిషిని నేనే. "ఏమీ లేవని రాసేయండమ్మా, ఇక్కడిదాకా వచ్చి ఎవరు చూస్తారండి" అంటున్నారు యజమాని. రాస్తే అబద్ధం. రాయకపోతే ఉద్యోగం ఉండదు. ప్రార్థన చెయ్యి అక్కా. ప్రసంగం మాత్రం వద్దు.

నీ చెల్లెలు
మెర్సీ


భీమడోలు,
జూలై 9

ప్రభువునందు ప్రియమైన చెల్లికి, ఎలిజబెత్ దీవెనలతో రాయునది.

ప్రసంగం వద్దంటావా? నిప్పు మీద నీళ్ళు పోసి పొగ రావద్దంటే వస్తుందా? కుట్టుమిషను ఆపి మరీ రాస్తున్నాను, చదువు.

అరువు తెచ్చుకున్న గొడ్డలి పిడి ఊడి ఇనుము నీళ్ళలో పడితే, పరుగున ప్రవక్త దగ్గరికి పోయి, ఇది నాది కాదయ్యా అని గోలపెట్టిన మనిషి గ్రంథంలో ఉన్నాడు. ఎవరూ చూడలేదులే అని చేతులు దులుపుకుని పోలేదు. అందుకే ఆ ఇనుము తేలింది. ఒకడి ద్రాక్షతోట మీద మనసుపడి, దొంగ పత్రాల మీద తన ముద్ర పడనిచ్చిన రాజు కథా ఉంది. వాడి గతి ఏమైందో నీకు చిన్నప్పుడు నేనే చెప్పాను. ముద్ర రాజుదైనా, పత్రం రాసిన చేతులు వేరు. ఇప్పుడా చెయ్యి నీది కానియ్యకు.

మీ యజమాని పెద్దమనిషే కావచ్చు. ఎవరు చూస్తారంటున్నారే, చూసేవాడు లేడనుకోవడంతోనే పతనం మొదలవుతుంది. నాది కానిది నేను ముట్టుకున్నాను అని ఫారంలో తలెత్తుకుని రాయి. ఉద్యోగం పోతే పోనీ, భీమడోలు వచ్చి జాకెట్లకు కాజాలు కుట్టు. ఈ శుక్రవారం ఉపవాస కూడికలో ఇదే వాక్యం తీస్తున్నాను. నీ పేరు చెప్పనులే, ఏలూరులో ఒక సహోదరి అంటాను.

అన్నట్టు, ప్రార్థన చేయమన్నవాళ్ళ పేర్లూ అవసరతలూ అచ్చు వేసి పంపే నీ కాగితం రెండు వారాలుగా రాలేదు. పాత కాగితంతోనే నెట్టుకొస్తున్నాను. దేవుని పనిలో అశ్రద్ధ పనికిరాదు.

నీ మేలు కోరే అక్క
ఎలిజబెత్


ఏలూరు,
జూలై 11

ప్రియమైన అక్కా,

గొడ్డలి చాలా బాగుంది. అది ఎవరి చేతిలో ఉందో ఇప్పుడు విను.

ఫారంలో నేను రాయాల్సిన ప్రోగ్రాములు రెండు. రెండోది నీది.

నీ దగ్గరికి వచ్చినవాళ్ళ పేర్లూ, వాళ్ళ రోగాలూ, తగాదాలూ నువ్వు ఫోన్‌లో చెబుతావు, నేను టైపు చేస్తాను. కాగితం వస్తే, మా చెల్లి చూసుకుంటుందని అందరికీ చెప్పుకుంటావు. ఎక్కడ చూసుకుంటోందో ఈ రెండేళ్ళలో ఒక్కసారైనా అడిగావా? నాకు సొంత కంప్యూటరు ఎక్కడుంది? కంపెనీ డేటాబేస్‌లో బోలెడంత ఖాళీ ఉందని అందులోనే పెట్టాను. ఆరువందల పన్నెండు మంది ఉన్నారు. నోటీసు వచ్చిన రోజు నుంచి దాన్ని తెరవడమే మానేశాను. అందుకే నీ కాగితం రాలేదు, అశ్రద్ధ వల్ల కాదు.

నిజం రాస్తే యజమాని అదేమిటో తెరిపించి చూస్తారు. ఫిబ్రవరిలో నువ్వు చెప్పిన పేరు గుర్తుందా? జాకెట్లు కుట్టించుకోవడానికి నీ దగ్గరికి వచ్చే లలితకుమారి గారు. ఆయన భార్య. "రొమ్ములో గడ్డ, ఇంట్లో ఎవరికీ తెలియకూడదు" అని నువ్వు చెప్పినదంతా అక్షరం పొల్లుపోకుండా అక్కడ ఉంది.

చెరిపితే నేరం. దాస్తే అబద్ధం. రాస్తే ఆవిడ గుట్టు రట్టు. తలెత్తుకుని రాయమన్నావుగా, ఏ తలతో రాయను? దీనికేం వాక్యం తీస్తావో తియ్యి.

మెర్సీ


భీమడోలు,
జూలై 17

ప్రియమైన మెర్సీకి,

నీ ఉత్తరం చూసి ఒళ్ళు మండింది. మంగళవారం రైలెక్కి దెందులూరు దాటేదాకా నిన్నే తిట్టుకున్నాను. ఏలూరులో దిగేసరికి తిట్టాల్సిన మనిషి ఎవరో తెలిసింది.

మీ యజమాని ఫ్యాక్టరీలో ఉండే వేళ చూసి వాళ్ళింటికి వెళ్ళాను. లలితకుమారి గారికి జరిగినదంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "నేను దేవుడికి చెప్పమన్నానండి. రాసి దాచమన్లేదు కదండీ" అంది. వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. కాసేపటికి, ఆయనకు తనే చెప్పుకుంటానని, మర్నాడు రమ్మని పంపేసింది.

నిన్న వెళ్ళాను. ఆయన హాల్లో ఫారం ముందేసుకుని కూర్చున్నారు. తప్పు నాది, మెర్సీ నా మాట మీద చేసింది, ఏ శిక్షయినా నాకే వేయండని రైల్లో తయారు చేసుకున్న మాటలన్నీ మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపేశారు. లైసెన్సు ఊసే ఎత్తలేదు.

"ఆవిడ మీకు ఏ రోజు చెప్పిందో అందులో ఉంటుందాండి?"

ఉంటుందన్నాను. ఫిబ్రవరి పదకొండు అని చెప్పాను. ఆయన వేళ్ళ కణుపుల మీద నెలలు లెక్కపెట్టుకున్నారు.

"మీరేమన్నారండి ఆవిడతో?"

"ప్రార్థన చేస్తానన్నానండి."

"ఇంకా?"

ఇంకా ఏమీ లేదు మెర్సీ. ఆయన ఎదురు చూస్తూనే ఉన్నారు.

తర్వాత పెన్ను తీసి రెండు ప్రోగ్రాములూ ఆయనే రాశారు. రెండోది ఏం దాస్తోందన్న చోట "మనుషుల బాధలు" అని రాశారు. నిన్ను సంతకం చేసి పంపేయమన్నారు. దాని వల్ల ఏం వచ్చినా తను చూసుకుంటారట, నిన్ను మామూలుగానే పనికి రమ్మన్నారు. ఫారం నిన్ననే నీ చేతికివ్వాల్సింది, నీ ముఖం చూడలేక రైలెక్కేశాను. ఈ కవరులోనే పెట్టి వెంకట్రాజు చేతికిస్తున్నాను, రేపే ఆఖరి రోజు. వాళ్ళిద్దరూ ఈ పొద్దున విజయవాడ ఆసుపత్రికి వెళ్ళారు. కబురింకా తెలియలేదు.

ఇరవై రెండు శుక్రవారాలు ఆ పేరు ముందు మోకాళ్ళూనాను. డాక్టరు దగ్గరికి వెళ్ళమ్మా, కావాలంటే తోడు నేనొస్తానని ఒక్క శుక్రవారమూ అనలేదు.

నీ అక్క
ఎలిజబెత్