లైట్‌హౌసూ, జంట తాటిచెట్లూ

విజయవాడ,
ఆదివారం

అన్నయ్యకి, చెల్లి సరోజ నమస్కారాలు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? వదినా, నువ్వూ కులాసాయేనా? నేను వేళకి తింటున్నాను, డ్యూటీకి వెళ్తున్నాను, దిగులు పెట్టుకోకండి. ఎండలు మండిపోతున్నాయి. హాస్టల్ పులుసులో చేప ముక్కని వెతుక్కోవాలి, అదీ చెరువు చేప.

ఫోన్‌లో చెప్పబోతే నువ్వు పడవకి వేయించిన కొత్త రంగు గురించే మొదలుపెడుతున్నావు. అందుకే రాస్తున్నాను. మా ల్యాబు వాళ్ళ సర్వే కోసం ఎదురుచూడకు అన్నయ్యా. పడవ నీళ్ళలోకి దించి వేటకి వెళ్ళిపో.

ఏరు సముద్రంలో కలిసేచోట రొయ్య పిల్లల మీద పరిశోధనకి మా ల్యాబు సార్ ఢిల్లీకి అర్జీ పెట్టారని చెప్పాను కదా. గ్రాంటు వచ్చింది. అందరికీ పూతరేకులు పంచారు, నేనూ సంబరంగా తిన్నాను. తీరా చూస్తే పడవ కాకినాడ నుంచి తెప్పిస్తున్నారట.

"మా అన్నయ్య పడవే పెట్టుకుంటామన్నారు కదండీ" అని సార్‌ని అడిగాను.

"రూల్స్ ఒప్పుకోవమ్మా. అయినా చోటు తెలిసిందిగా, ఇంక దారి చూపేవాళ్ళు ఎందుకు?" అన్నాడు, కంప్యూటర్ మీంచి తల కూడా ఎత్తకుండా.

నమ్మించి గొంతు కోశాడు అన్నయ్యా. అర్జీ కాపీ తీసి చదివాను. ఆ చోటు వాళ్ళ బృందమే కనిపెట్టిందని రాసుకున్నాడు. నాన్న పేరు లేదు, నీ పేరు లేదు. రెండేళ్ళుగా ఆయన టీ కప్పులు కూడా నేనే కడుగుతున్నాను. ఒళ్ళు మండిపోయింది. అయినా నేను బాగానే ఉన్నాను, అమ్మకి అలాగే చెప్పు.

ఎండు రొయ్యలు పంపమని అడుగుదామనుకున్నాను. ఇప్పుడు నోరు రావట్లేదు.

వాళ్ళ పడవ సరిగ్గా మన చోటుకే వచ్చి ఆగుతుంది. ఎవరు చెప్పారని ఊళ్ళో ఎవర్నీ నిలదీయకు. లైట్‌హౌసూ, జంట తాటిచెట్లూ ఒక్క వరసలోకి వచ్చినచోట వల వెయ్యాలని, అల్లుడొచ్చి అడిగినా చెప్పొద్దని నాన్న నీకు చెప్పిన రోజు, నేను పడవలో నిద్ర నటిస్తూ పడుకున్నాను. మ్యాపు ఉంటేనే గ్రాంటు వస్తుందమ్మా, మీ అన్నయ్యకి సీజనంతా పని అన్నాడు సార్. నీకు మంచి జరుగుతుందనే గీసిచ్చాను.

అమ్మకీ వదినకీ నా నమస్కారాలు. ఈసారి నీ దీవెన అడగను. ఫోన్ చేసి తిట్టు, చాలు. చెయ్యకుండా మాత్రం ఉండకు.

నీ చెల్లి,
సరోజ